అగ్రిమెంటులో ఇద్దరు, ఇంట్లో ఒకరు: భార్యాభర్తలు విడిపోయినప్పుడు అద్దె ఇంటి లెక్క తేల్చిన ఒక కేసు

భార్యాభర్తలు విడిపోతున్నారని తెలిస్తే పెద్దవాళ్లు ముందు పిల్లల గురించి, నగల గురించి, సొంత ఇల్లుంటే దాని గురించి అడుగుతారు. అద్దె ఇంటి అగ్రిమెంటు ఎవరికీ గుర్తు రాదు. కానీ అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే, అగ్రిమెంటు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, ఓనరు దగ్గర ఇద్దరి డబ్బూ ఉంది. సకాలంలో పట్టించుకోకపోతే చిన్న లెక్క పెద్ద తగాదా అవుతుంది. అలా అవబోయి సర్దుకున్న కేసు ఇది. ఎవరివో తెలిసే వివరాలన్నీ తీసేశాం, కొన్ని మార్చాం. లెక్క వేసిన పద్ధతి, ఒక్కో నిర్ణయం వెనక కారణం మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాం.

నేపథ్యం

హైదరాబాద్ పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, బడికెళ్లే పాప ఉంది. అద్దె రూ. 38,000, మెయింటెనెన్సు రూ. 4,500, కలిపి నెలకు రూ. 42,500. అడ్వాన్సు మూడు నెలల అద్దె, అంటే రూ. 1,14,000. అందులో రూ. 74,000 ఆవిడ ఖాతా నుంచి, రూ. 40,000 ఆయన ఖాతా నుంచి వెళ్లాయి. ఈ విభజన అగ్రిమెంటులో ఎక్కడా లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తేనే తెలుస్తుంది.

అగ్రిమెంటు అందరూ రాసుకునే పదకొండు నెలలదే, వంద రూపాయల స్టాంపు పేపరు మీద. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలల అలవాటు వచ్చింది. గడువు సెప్టెంబర్ 1 నుంచి జులై 31 దాకా. మనకు పనికొచ్చే షరతులు ఐదు. ఆరు నెలల లాక్-ఇన్, అంటే ఫిబ్రవరి ఆఖరు దాకా ఖాళీ చేయకూడదు. ఆ తరవాత ఎవరు రద్దు చేయాలన్నా రెండు నెలల నోటీసు. రెండు నెలల అద్దె బాకీ పడితే ఓనరు ఒప్పందం రద్దు చేయొచ్చు. ఎన్నాళ్లున్నా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయిస్తారు. ఇంకొకరికి అద్దెకివ్వడం గానీ, కొత్తవాళ్లను చేర్చుకోవడం గానీ ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదు.

భార్యాభర్తలిద్దరినీ కలిపి "అద్దెదారులు" అని రాశారు. ఒకరు వెళ్లిపోతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.

సమస్య

డిసెంబర్‌లో ఇద్దరూ విడిపోవాలనుకున్నారు. నెలాఖరుకు ఆయన స్నేహితుడి గదికి మారిపోయారు. జనవరిలో ఆవిడ తన సగం రూ. 21,250 పంపారు. ఆయన ఏమీ పంపలేదు. జనవరి మూడో వారంలో ఓనరుకు ఆయన వాట్సాప్‌లో పెట్టిన సందేశం సారాంశం: నేను డిసెంబర్ 31నే ఖాళీ చేశాను, ఇక నాకు సంబంధం లేదు, అడ్వాన్సులో నా రూ. 40,000 నాకు పంపించండి.

ఓనరు ఆవిడకు ఫోన్ చేసి, "మేడమ్, మీ ఇంటి విషయాలు నాకొద్దు. ఐదో తారీకులోపు మొత్తం అద్దె పడాలి. లేదంటే ఇద్దరూ ఖాళీ చేయండి," అన్నారు. మాటల్లో కరెంటు తీయిస్తాననే బెదిరింపు కూడా దొర్లింది. జనవరి నెలాఖరుకు ఆవిడ లాయర్లమైన మా దగ్గరకు వచ్చినప్పుడు అడిగినవి మూడు. పాప స్కూలు ఏప్రిల్ దాకా ఉంది, అప్పటిదాకా ఈ ఇంట్లో ఉండొచ్చా? ఆయన సగం నేనెందుకు కట్టాలి? ఆయన అడ్వాన్సు ఓనరు ఇచ్చేస్తే నాకు మిగిలేదేంటి?

వీటికి జవాబు చెప్పేముందు మేం అడిగింది వేరే ప్రశ్న: ఇంట్లో హింస జరిగిందా, భయపడాల్సిన పరిస్థితి ఉందా? ఉంటే దారే వేరు. 2005 గృహహింస చట్టంలో 17వ సెక్షన్ ఉమ్మడి నివాసంలో ఉండే హక్కునిస్తుంది. అది అద్దె ఇల్లయినా సరే, పేరు ఎవరిదయినా సరే. 19వ సెక్షన్ కింద అద్దె కట్టమని గానీ, అదే స్థాయి వేరే ఇల్లు చూపించమని గానీ అవతలి వ్యక్తిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. కోర్టు అనుమతి లేకుండా ఆ ఇంటి మీద హక్కులు వదులుకోకుండా ఆపవచ్చు కూడా. అలాంటి కేసులో ముగ్గురినీ కూర్చోబెట్టి సంతకాలు పెట్టించడం తప్పు, ప్రమాదం. ఇక్కడ హింస లేదని, ఇద్దరూ పాప విషయంలో మాట్లాడుకుంటూనే ఉన్నారని తేలాకే రాజీ దారి పట్టాం.

ఏ చట్టం వర్తిస్తుందన్నది తరవాతి మెట్టు. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005 సవరణ తరవాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె రూ. 3,500 దాటిన ఇళ్లు దాని కిందికి రావు. కాబట్టి ఈ ఫ్లాటుకు వర్తించేవి అగ్రిమెంటు, 1882 ఆస్తి బదిలీ చట్టం, 1872 కాంట్రాక్టు చట్టం. ఓనరు కోర్టుకు వెళ్లకుండా తాళం వేయడానికి వీల్లేదు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఈ సంగతి ఆవిడకు చెప్పాం. ఓనరుకు మాత్రం నోటీసు రూపంలో పంపలేదు. ఆవిడ అదే ఇంట్లో ఉండాలనుకుంటున్నారు, ఓనరు సంతకం లేకుండా అది కుదరదు. సంతకం కావాల్సిన మనిషికి ముందే లాయర్ నోటీసు పంపితే ఆ సంతకం రాదు.

రెండు లెక్కలు, రెండు పుస్తకాలు

ఈ కేసు మొత్తంలో గందరగోళానికి మూలం ఒక్కటే. ఓనరుతో ఉన్న లెక్క వేరు, వాళ్లిద్దరి మధ్య లెక్క వేరు. ముగ్గురూ ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

ఓనరు ముందు ఇద్దరూ కలిసి మాట ఇచ్చారు. కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం అలాంటప్పుడు మొత్తం సొమ్ము ఎవరో ఒకరి దగ్గర వసూలు చేసుకునే హక్కు ఓనరుకు ఉంది. "నా సగం కట్టేశాను" అన్న మాట ఓనరు దగ్గర చెల్లదు. "నేను ఆ ఇంట్లో ఉండటం లేదు" అన్న మాటా చెల్లదు. బాధ్యత సంతకంతో వచ్చింది, కాపురం ఉండటంతో కాదు. అయితే ఒకరు మొత్తం కట్టాక, వేరే ఒప్పందం లేకపోతే రెండోవారి దగ్గర సగం రాబట్టుకోవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. అది రెండో లెక్క. దాంతో ఓనరుకు పని లేదు.

అడ్వాన్సు విషయంలో దీనికి అద్దం పట్టినట్టు 45వ సెక్షన్ ఉంది. ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటను నెరవేర్చమని అడిగే హక్కు ఇద్దరికీ కలిపే ఉంటుంది. అడ్వాన్సు "అద్దెదారులకు" తిరిగి ఇస్తానని ఓనరు రాశారు. అది కూడా ఖాళీ చేశాక. మధ్యలో వచ్చి నా రూ. 40,000 విడిగా ఇవ్వమనే హక్కు ఆయనకు లేదు. ఇది చెప్పగానే ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ రూ. 40,000 ఆయనదే, వాళ్లిద్దరి లెక్కలో దాన్ని ఎక్కడో ఒకచోట చూపించాల్సిందేనని అదే కూర్చున్న చోట చెప్పాం.

ఇద్దరూ ఖాళీ చేసి పోవడమనే దారినీ లెక్క వేసి చూశాం. లాక్-ఇన్ అయ్యాక మార్చి 1న నోటీసు ఇస్తే ఏప్రిల్ ఆఖరుకు గానీ బయటపడలేరు. ఆ రెండు నెలలకు రూ. 85,000. అడ్వాన్సులో పెయింటింగ్ కింద రూ. 38,000 పోతుంది. ఆవిడకు కొత్త ఇంటి అడ్వాన్సు, బ్రోకరు కమీషను, సామాన్ల తరలింపు అదనం. పాప చదువు మధ్యలో ఇల్లు మారడం ఉండనే ఉంది. ఉన్న ఇంట్లోనే ఉండి ఒప్పందాన్ని మార్చుకోవడమే చవక.

చేసి చూసినవి, కుదరనివి

మొదట అడ్వాన్సులోంచి ఆయన వాటా అద్దె సర్దమని ఓనరును అడిగారు. చాలామందికి మొదట తట్టే ఉపాయమే ఇది. ఓనరు ఒప్పుకోలేదు, ఆయన ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. అడ్వాన్సు ఉన్నది ఖాళీ చేసిన రోజు ఏవైనా పాడై ఉంటే, బాకీలుంటే సర్దుకోవడానికి. అద్దెలో కరిగిపోతే ఆఖరి రోజున ఓనరు చేతిలో ఏమీ ఉండదు. పైగా ఇద్దరిలో ఒకరి మాట మీద సర్దితే రేపు రెండోవారు వచ్చి నా డబ్బు ఎలా వాడారని అడగవచ్చు. ఈ అడుగు మేమే ఆపి ఉండాల్సింది. ఓనరులో అనుమానం పెరగడం తప్ప దీనివల్ల ఒరిగిందేమీ లేదు.

తరవాత ఫిబ్రవరి దాకా సగం కడతానని ఆయన ఫోన్‌లో ఒప్పుకున్నారు. ఫిబ్రవరిలో వచ్చింది రూ. 12,000. ఆయనకు వేరే గది అద్దె మొదలైంది. రెండు చోట్ల అద్దె కట్టే మనిషి నోటిమాట ఎన్నాళ్లు నిలబడుతుందో అంచనా వేయలేకపోయాం. తేదీ, మొత్తం, తప్పితే ఏమవుతుంది అన్నవి లేని హామీని లెక్కలోకి తీసుకోకూడదు. ఈపాటికి బాకీ జనవరిది రూ. 21,250, ఫిబ్రవరిది రూ. 9,250, మొత్తం రూ. 30,500.

ఈలోగా ఆవిడ సహోద్యోగిని ఒకామె ఒక గదిలో చేరి సగం అద్దె ఇస్తానన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఓనరు అనుమతి లేకుండా చేర్చుకుంటే అగ్రిమెంటును ఉల్లంఘించింది ఆవిడే అవుతారు. అప్పటిదాకా తప్పు ఆయన వైపు ఉన్న లెక్క ఒక్క రోజులో తలకిందులవుతుంది. వద్దన్నాం.

మూడో ప్రయత్నం ఒక పేజీ ఉత్తరం. రెండో అద్దెదారు పేరు తొలగిస్తున్నాను, ఇకపై ఆయనకు బాధ్యత లేదు అని ఓనరు సంతకం పెట్టేలా భర్తే ముసాయిదా రాయించి తెచ్చారు. చూడగానే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. దాన్ని ఆపడానికి కారణం కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్. కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఒకరిని వదిలేసినంత మాత్రాన మిగతావారి బాధ్యత పోదు. అంటే ఆవిడ మీద మొత్తం రూ. 42,500 అలాగే ఉంటుంది. అదే సెక్షన్ ప్రకారం, ఓనరు వదిలేసినా ఆయన ఆవిడకు ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. కానీ ఉత్తరం ఓనరు, ఆయన మధ్య మాత్రమే. ఆవిడకు అందులో దక్కేదేమీ లేదు. బాకీ రూ. 30,500 ఎవరిదో లేదు, అడ్వాన్సు ఎవరిదో లేదు, ఇకపై ఇంట్లో ఉండే హక్కు ఎవరిదో లేదు.

ఓనరు కూడా సంతకం పెట్టలేదు. ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది: రెండు జీతాలు చూసి ఇల్లు ఇచ్చాను, ఇప్పుడు ఒక జీతం మీద ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నను మేం అంతకుముందు పట్టించుకోలేదు. వాళ్లిద్దరి న్యాయాన్యాయాలు ఓనరుకు వినిపిస్తూ పోయాం. ఆయనకు కావాల్సింది అది కాదు. వెళ్లిపోయే సంతకానికి బదులుగా ఇంకో భరోసా. అది అర్థమయ్యాక దారి దొరికింది.

పనిచేసిన పద్ధతి

ముందు ఓనరు పుస్తకం శుభ్రం చేశాం. మొత్తం రూ. 30,500 ఆవిడే ఒకేసారి బ్యాంకు ద్వారా కట్టారు. "జనవరి, ఫిబ్రవరి బకాయి, రెండో అద్దెదారు వాటా, నేను కడుతున్నాను" అని ఓనరుకు, ఆయనకు ఇద్దరికీ సందేశం పంపించాం. ఆయన వాటా తను కట్టడం ఆవిడకు కష్టంగానే అనిపించింది. కారణాలు రెండు చెప్పాం. రెండు నెలల బాకీ అనే షరతు దగ్గరపడుతోంది, ఆ అవకాశం ఓనరుకు ఇవ్వకూడదు. ఆపైన, ఆయన అడ్వాన్సు వాటా రూ. 40,000 ఉంది గనక ఈ డబ్బు ఎటూ పోదు, రెండో లెక్కలో సర్దుకోవచ్చు. ఆ రూ. 40,000 లేకపోయి ఉంటే ఇంత ధైర్యంగా కట్టమని చెప్పేవాళ్లం కాదు.

ఓనరుకు భరోసాగా రెండు ప్రతిపాదనలు పెట్టాం: ఇంకో నెల అడ్వాన్సు, లేదా ఆవిడ అన్నయ్య హామీ సంతకం. ఓనరు రెండోది కోరుకున్నారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకోకపోతే హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. అందుకే హామీ పరిమితి మూడు నెలల సొమ్ము, రూ. 1,27,500, కొత్త అగ్రిమెంటు గడువు వరకే అని రాయించాం. అన్నయ్య ప్రేమతో సంతకం పెడతాడు. పరిమితి రాయడం లాయరు పని.

అద్దె రూ. 42,000 చేయమని ఓనరు అడిగారు. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆయనకు పోయేది రూ. 38,000, కొత్తవాళ్లను వెతకాల్సిన అవసరం కూడా తప్పుతోందని చూపించాం. పాత గడువు ముగిసే జులై దాకా రూ. 38,000, ఆగస్టు నుంచి ఐదు శాతం పెంచి రూ. 39,900 దగ్గర కుదిరింది.

ఇక వాళ్లిద్దరి లెక్క. ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది. బాధ్యత ఏ తేదీతో ఆగాలి? డిసెంబర్ 31 అని ఆయన. ఏప్రిల్ ఆఖరు అని ఆవిడ, ఎందుకంటే అగ్రిమెంటు ప్రకారం అంతకుముందు బయటపడే వీలు ఇద్దరికీ లేదు. కాగితం మీద ఆవిడ వాదనే బలమైనది. మార్చి, ఏప్రిల్‌కు ఆయన సగం రూ. 42,500 అవుతుంది. అయినా ఫిబ్రవరి 28 దగ్గర ఆగమని ఆవిడకు సలహా ఇచ్చాం. ఆ రెండు నెలలూ ఇల్లు పూర్తిగా ఆవిడ వాడకంలోనే ఉంటుంది. ఓనరు ఒప్పుకుంటే నోటీసు గడువు అవసరమే ఉండదు. ఆయన సంతకం ఆలస్యమైతే అడ్వాన్సు ఇరుక్కుంటుంది, కొత్త అగ్రిమెంటు ఆగిపోతుంది. లాక్-ఇన్ దాకా మాత్రం ఆయన సగం తప్పదు. ఆ మాట ఇద్దరూ కలిసే ఇచ్చారు.

పెయింటింగ్ రూ. 38,000 ఇంకా కట్టలేదు, ఆవిడ ఖాళీ చేసిన రోజున పోతుంది. అందులో ఆయన వాటా ఎంత? ఆవిడ సగం అన్నారు, ఆయన సున్నా అన్నారు. మేం నెలలు లెక్క పెట్టాం. పాత ఒప్పందం ఆరు నెలలు, కొత్తది పదకొండు, మొత్తం పదిహేడు. ఉమ్మడి బాధ్యత ఆరు నెలలది. రూ. 38,000ను పదిహేడుతో భాగించి ఆరుతో గుణిస్తే సుమారు రూ. 13,412, అందులో సగం రూ. 6,706. రూ. 6,700కు ఖాయం చేశారు. ఇలాంటి చోట సూత్రం ఏదైనా సరే, ఇద్దరి ముందూ కాగితం మీద వేసి చూపిస్తే అరవడం తగ్గుతుంది.

ముగ్గురూ ఇల్లంతా తిరిగి చూశారు. ప్రతి గది ఫొటోలు, తేదీతో. ఒక తలుపు తాళం, బాల్కనీ దోమల మెష్ పాడయ్యాయి. వడ్రంగి చెప్పిన రేటు రూ. 3,200, ఆయన సగం రూ. 1,600. ఆ రోజు దాకా పాడైనవి ఇద్దరివి, ఆ తరవాతవి ఆవిడవి.

ఆయన అడ్వాన్సు వాటా రూ. 40,000లోంచి బకాయి రూ. 30,500, పెయింటింగ్ రూ. 6,700, మరమ్మతు రూ. 1,600 తీసేస్తే మిగిలింది రూ. 1,200. అది ఆవిడ ఆయనకు ఇవ్వాలి, అడ్వాన్సు మొత్తం ఆవిడ పేరున ఉండాలి. రూ. 40,000 అడిగిన మనిషి రూ. 1,200కు ఎందుకు ఒప్పుకున్నారంటే, లెక్కలో ప్రతి అంకె పక్కన ఆధారం ఉంది. దానికి బదులుగా జులై దాకా మెడ మీద వేలాడే బాధ్యత నుంచి ఆయనకు చెల్లు దొరుకుతోంది. మేం ఆవిడ తరఫువాళ్లం గనక, ముసాయిదాలు వేరే లాయరుకు చూపించుకోమని ఆయనకు మూడు రోజులు గడువిచ్చాం. ఆయన చూపించుకున్నారు, ఒక వాక్యం మార్పించారు కూడా.

కాగితాలు మూడు

మొదటిది వాళ్లిద్దరి మధ్య లెక్క పత్రం. పైన చెప్పిన అంకెలు, ఎవరి సామాను ఎవరిది, తీసుకెళ్లే తేదీ. ఇందులో తప్పనిసరిగా ఉండాల్సిన వాక్యం: ఇది అద్దె ఇంటి లెక్కకు మాత్రమే, భరణం, పాప సంరక్షణ, విడాకులు వీటిలో ఎవరి హక్కులనూ ఇది తగ్గించదు. ఈ వాక్యం లేకపోతే రేపు ఫ్యామిలీ కోర్టులో "అన్నీ తేల్చుకున్నాం" అని ఇదే కాగితం చూపించే ప్రమాదం ఉంది. ఈ పత్రం ఓనరుకు ఇవ్వలేదు. అపార్ట్‌మెంట్లలో ఒంటరి ఆడవాళ్లకు ఇల్లివ్వడానికి వెనకాడే ధోరణి ఇంకా ఉంది. విడిపోవడానికి కారణాలు ఓనరు చేతిలోనో అసోసియేషన్ ఫైల్లోనో ఉండాల్సిన అవసరం లేదు. వాళ్లకు "ఒక అద్దెదారు ఖాళీ చేస్తున్నారు" అన్నంత వరకే చెప్పాం. అది నిజం, వాళ్లకు అంతే చాలు.

రెండోది ముగ్గురూ సంతకం పెట్టిన రద్దు, చెల్లు పత్రం. పాత ఒప్పందం ఫిబ్రవరి 28తో ముగిసింది, బాకీ ఏమీ లేదు, ఇద్దరు అద్దెదారులూ తమ అద్దె హక్కు వదులుకుంటున్నారు, ఇద్దరి సూచన మేరకు అడ్వాన్సు రూ. 1,14,000 మొదటి అద్దెదారు కొత్త ఒప్పందానికి బదిలీ అయింది, దాని మీద రెండో అద్దెదారుకు ఓనరు దగ్గర ఏ హక్కూ లేదు. ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ ప్రకారం, పాత ఒప్పందం నడుస్తుండగానే అదే ఇంటికి కొత్త ఒప్పందం తీసుకుంటే పాతది వదులుకున్నట్టే అవుతుంది. మరి విడిగా రద్దు పత్రం ఎందుకు? కొత్త ఒప్పందం తీసుకుంటున్నది ఇద్దరిలో ఒకరే. ఆవిడ సంతకంతో ఆయన హక్కు కూడా పోయిందా అన్న వాదనకు చోటివ్వకూడదు.

మూడోది మార్చి 1 నుంచి పదకొండు నెలలకు ఆవిడ ఒక్కరి పేరున కొత్త అగ్రిమెంటు, అన్నయ్య హామీతో. కొత్త లాక్-ఇన్ పెట్టనివ్వలేదు. నోటీసు ఒక నెలకు తగ్గించాం. జీతం ఒక్కటే అయినప్పుడు పరిస్థితి మారితే త్వరగా బయటపడే వీలుండాలి.

రెండు, మూడు కాగితాలు ఒకే బల్ల మీద, ఒకే పూట సంతకమవ్వాలి. రద్దు పత్రం ముందు అయిపోయి కొత్తది ఆగితే ఆవిడకు ఏ ఒప్పందమూ లేని ఇంట్లో ఉండాల్సి వస్తుంది. కొత్తది ముందయితే ఒకే ఫ్లాటు మీద రెండు ఒప్పందాలు నిలబడతాయి. సంతకాలయ్యాక అక్కడే రూ. 1,200 ఫోన్‌లో పంపారు, ఆయన తాళంచెవులు ఇచ్చారు.

తాళంచెవుల గురించి ఒక మాట. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన చెప్పకుండా వచ్చి సామాను తీసుకెళ్లారని ఆవిడ తాళం మార్చేస్తానన్నారు. ఆగమన్నాం. అగ్రిమెంటులో పేరున్నంతకాలం ఆ ఇంట్లో ఆయనకూ సమాన హక్కు ఉంది. తాళం మారిస్తే వెళ్లగొట్టారన్న ఆరోపణ ఆవిడ మీదకు వస్తుంది. వచ్చే ముందు ఒక రోజు ముందుగా సందేశం పెట్టాలని ఇద్దరితో ఒప్పించాం. తాళం మార్చింది మార్చి 1న, ఓనరుకు చెప్పి, పాత తాళం భద్రంగా దాచి. అదే రోజు గేటు యాప్‌లో ఆయన పేరు, బండి నంబరు తీయించారు.

మిగిలిపోయిన చిల్లర

ఇంత జాగ్రత్త పడ్డా ఒకటి జారిపోయింది. ఫిబ్రవరి కరెంటు బిల్లు మార్చిలో వచ్చింది. లెక్క పత్రంలో "అన్నీ తేలాయి" అని ఉంది, మీటరు రీడింగు రాయలేదు. చిన్న మొత్తమే, కానీ మళ్లీ మూడు రోజులు సందేశాలు నడిచాయి. చివరికి ఆవిడే కట్టారు. సంతకాల రోజు మీటరు ఫొటో ఒకటి తీసి ఉంటే సరిపోయేది. ఇంటర్నెట్ ఆయన ఖాతా నుంచి నెలనెలా కట్ అవుతూ ఏప్రిల్ దాకా వెళ్లింది. గ్యాస్ కనెక్షను ఆయన పేరునే ఉంది, అది ఆవిడ ముందే గమనించి తన పేరున కొత్తది తీసుకున్నారు. ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు చూపించుకునేవాళ్లయితే ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో ఆ మేరకే రసీదులు తీసుకోవాలి. మార్చి నుంచి రసీదులన్నీ ఆవిడ పేరున వచ్చాయి.

ఈ కేసు నుంచి పనికొచ్చేవి

ఈ పద్ధతి పనిచేయడానికి ఆధారం అగ్రిమెంటులో ఆవిడ పేరు కూడా ఉండటం. భర్త ఒక్కడి పేరున ఉండి, ఆయన ఇల్లు వదిలేసి పోతే పరిస్థితి బలహీనం, కానీ శూన్యం కాదు. ఖాళీ చేయించే కేసులో భర్త తరఫున వాదించుకునే అవకాశం అతను వదిలేసిన భార్యకు ఉంటుందని 2005లో బెంగళూరు ఇంటి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్తకున్న హక్కులూ బాధ్యతలే ఆమెకూ ఉంటాయి, అద్దె కట్టడం సహా. అయితే విడాకులు అయిపోయాక ఆ ఆధారం నిలవదు. కాబట్టి పరస్పర అంగీకారంతో విడాకులకు వెళుతూ భర్త పేరున ఉన్న అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇంటి సంగతి విడాకుల షరతుల్లోనే రాయించుకోవాలి. తీర్పు వచ్చాక అడుగుదామంటే ఆలస్యమవుతుంది.

కలిసి ఫ్లాటు తీసుకున్న స్నేహితులకూ లెక్క ఇదే. గచ్చిబౌలి, మాదాపూర్ ఫ్లాట్లలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు, ఏడాదిలో సగం మంది మారిపోతారు. వెళ్లేవాడు వచ్చేవాడి దగ్గర అడ్వాన్సు చేతికి తీసుకుని వెళ్లిపోతాడు. ఓనరు కాగితంలో మాత్రం పాత పేరే ఉంటుంది. ఏదైనా పాడైతే, బాకీ పడితే నోటీసు వచ్చేది వెళ్లిపోయిన వాడికి కూడా.

ముగ్గురికీ రాజీ కుదరకపోతే, కోర్టులో దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లే దారి ఉంది. అక్కడ కుదిరిన ఒప్పందానికి 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. మాట తప్పే అలవాటున్న మనిషితో లెక్క అయితే ప్రైవేటు కాగితం కన్నా ఇదే మంచిది.

ఇద్దరు కలిసి అద్దెకు దిగుతున్నప్పుడు ఇప్పుడు మేం రాయిస్తున్న షరతు ఇది. దిగే రోజున అడిగితే ఓనర్లు మామూలుగా కాదనరు:

"అడ్వాన్సులో మొదటి అద్దెదారు చెల్లించినది రూ. ..., రెండో అద్దెదారు చెల్లించినది రూ. .... ఇద్దరిలో ఒకరు ఖాళీ చేయదలిస్తే ఓనరుకు, రెండో అద్దెదారుకు 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. లాక్-ఇన్ ముగిసేదాకా లేదా ఆ 30 రోజులు పూర్తయ్యేదాకా, ఏది తరవాతయితే అంతవరకు, తన వాటా అద్దె చెల్లించాలి. మిగిలిన అద్దెదారు తగిన హామీ చూపించినచో ఓనరు అదే అద్దెకు, మిగిలిన గడువుకు ఒక్కరి పేరున ఒప్పందం చేసుకోవాలి. ఖాళీ చేసిన అద్దెదారు అడ్వాన్సు వాటాను, బకాయిలు, మరమ్మతులు, పెయింటింగ్ వాటా మినహాయించి, ఇంట్లో మిగిలిన అద్దెదారే చెల్లించాలి. ఖాళీ చేసిన రోజు మీటరు రీడింగు, గదుల ఫొటోలు ముగ్గురూ ఉంచుకోవాలి."